సముద్రం వైపు చెంప, కాలువ కింది పొలం

పసుపు, చెరుకు... నిజామాబాద్ నేల మీది ఈ రెండు పంటలకూ పసిఫిక్ దీవుల్లో చుట్టాలున్నారు. వాటి చుట్టూ అల్లుకున్న మాటలకూ ఉన్నారు.

“నీ సముద్రం వైపు చెంపకు బురద అంటింది.”

ఒకరు ఇంకొకరితో ఇలా అనడం రేమండ్ ఫిర్త్ చెవిన పడింది. 1928లో టికోపియా అనే దీవికి వెళ్లి, ఏడాది పాటు అక్కడివాళ్లతో కలిసి బతికిన న్యూజిలాండ్ మానవ శాస్త్రవేత్త ఆయన. సోలమన్ దీవులకు తూర్పు కొసన, ఎవరో విసిరేసినట్టు ఒంటరిగా ఉండే టికోపియా విస్తీర్ణం ఐదు చదరపు కిలోమీటర్లు. జనం వెయ్యికి కాస్త పైన. ఎటు నడిచినా కాసేపట్లో నీళ్లు తగిలే చోట కుడి ఎడమలతో అంతగా పని పడదు. తాయి అంటే సముద్రం వైపు, ఉతా అంటే లోనేల వైపు. ఇంట్లో వస్తువు ఎక్కడుందో చెప్పాలన్నా, ముఖం మీద మరక ఎటుందో చెప్పాలన్నా ఈ రెండు మాటలే వాళ్లకు దిక్కు.

మనకు వింతగానే తోస్తుంది. అయితే బోధన్ నుంచి రుద్రూరు, వర్ని, కోటగిరి వైపు ఒక పూట తిరిగి, ఎవరి పొలం ఎక్కడని అడిగి చూడండి. తూర్పు, పడమర అని చెప్పేవాళ్లు తక్కువ. “కాల్వ మీద”, “తూము కింద”, “కట్టకు ఇవుతల” అంటారు. మంజీర మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఈ సీమకు నీళ్లతో పాటు దిక్కులను కూడా పంచిపెట్టింది. ఇక్కడ ‘కింది పొలం’ అంటే పల్లంలో ఉన్నదని మాత్రమే కాదు, నీళ్లు ఆలస్యంగా అందేదని కూడా. మీదోడు, కిందోడు అన్న మాటల్లో నీటి వంతుల తగాదాలు ఎన్ని దాగున్నాయో ఆయకట్టు చివరి రైతును అడిగితే తెలుస్తుంది. టికోపియా మనిషికి సముద్రం ఎంతో, కిందోడికి కాలువ అంత.

టికోపియా భాష పాలినేషియన్ కుటుంబానిది. హవాయి, తాహితీ, సమోవా, టోంగా, న్యూజిలాండ్ మావోరీ భాషలన్నీ దానికి అక్కచెల్లెళ్లే. వాయి అంటే నీళ్లు. ఇకా అంటే చేప. మను అంటే పక్షి. గాలిని మతంగి అంటారు. మన జాతరల్లో శివమెత్తి ఊగే మాతంగికీ దానికీ ఏ చుట్టరికమూ లేదు గానీ, విన్న తెలుగువాడు ఒక్క క్షణం ఆగక మానడు. రిమ అంటే చెయ్యి, ఐదు కూడా అదే మాట. వేళ్లు లెక్కపెట్టుకున్న తొలి మనిషి ఇంకా ఆ మాటలోనే కూర్చుని ఉన్నాడు.

దీవి చిన్నదైతే భాష కూడా చిన్నదే అనుకుంటాం. కానీ ఉన్న నాలుగైదు వస్తువులను అంటిపెట్టుకుని బతికేవాళ్లు వాటికి పెట్టినన్ని పేర్లు, అన్నీ ఉన్నవాళ్లు పెట్టరు. కొబ్బరికాయ మొలకెత్తినప్పుడు లోపల నీళ్లన్నీ గట్టిపడి దూదిలాంటి తీపి ఉండ తయారవుతుంది. అలా మొలకెత్తిన కాయను కుక్ దీవుల్లో ఉటో అంటారు. దీనికి తెలుగులో పేరు లేదనుకునేవాళ్లు పల్లెకు వెళ్లి తాటిచెట్టు కింద నిలబడాలి. పాతిపెట్టిన తాటి టెంకను పగలగొడితే లోపల దొరికేది అచ్చం అలాంటిదే: బురుగుంజు. కిందికి దిగిన మొలక గేగు, కోస్తా మాటలో తేగ. లేతకాయలో ఉన్నప్పుడు ముంజ. ఇక చెట్టెక్కే గౌడన్న భాష వేరే. పోతుతాడు, పండుతాడు, పరుపుతాడు అని చెట్లకే మూడు రకాల పేర్లు. కల్లు ఏ రోజుల్లో ఏ చెట్టుకు పారుతుందో ఆ పేరే చెబుతుంది. నడుముకు మోకు, కాళ్లకు గుజి, కత్తులు పెట్టుకునే ముస్తాదు, పైన కట్టే లొట్టి. చదువుకున్న తెలుగువాడు వీటన్నింటినీ కలిపి ‘తాడు, కుండ’ అని రెండు ముక్కల్లో తేల్చేస్తాడు. తువాలు దీవుల్లో కొబ్బరి గెల నుంచి తీసే కల్లును కలెవే అంటారు. గౌడన్న అక్కడికి వెళితే భాష రాకపోయినా పని అర్థమవుతుంది.

పసుపు పేరు రంగుకా, కొమ్ముకా?

పంట వచ్చే కాలంలో నిజామాబాద్ శ్రద్ధానంద్ గంజ్‌లో అడుగుపెడితే ముందు వాసన తగులుతుంది, తర్వాత రంగు. కుప్పల మధ్య వినిపించే మాటలు పుస్తకాల తెలుగులో ఉండవు. పొడుగ్గా వేలులా ఉన్నది కాడి. గుండ్రటి తల్లి దుంప గోళ. విరిగి నలిగినది చూర. మూడింటికీ మూడు ధరలు. మట్టిలోంచి తవ్విన దుంపను ఉడకబెట్టి, రోజుల తరబడి ఎండబెట్టి, రాపిడి పట్టి నిగ్గు తేలిస్తేగాని అది గంజ్ దాకా రాదు. ఉడకబెట్టడాన్ని రైతులు ‘పసుపు వండుడు’ అంటారు. వంటింట్లో చిటికెడు వేసుకునే దాన్ని పొలంలో పుట్లకొద్దీ వండుతారన్నమాట. జాతీయ పసుపు బోర్డు 2025లో మొదలై, నిజామాబాద్‌ను కేంద్రం చేసుకున్నదంటే ఆ వంట ఎంత పెద్దదో ఊహించవచ్చు.

ఇదే పసుపును పాలినేషియన్ నావికులు సముద్రం దాటించారు. కొత్త దీవికి బయల్దేరిన పడవలో చామ, అరటి, చెరుకుతో పాటు పసుపు దుంప కూడా ఉండేది. టికోపియాలో మొక్క పేరు అంగో. దాని నుంచి తీసిన రంగు పేరు రెంగ. తినడానికి పనికొచ్చే భాగానికి ఇంకో పేరు, తౌఓ. దుంపను తురిమి, నీళ్లలో కలిపి, వడకట్టి, అడుక్కి దిగినదాన్ని తీసి, పొయ్యిలో కాల్చి గట్టి ముద్దగా చేసేవాళ్లు. ఈ పనికి నువాంగ అని పేరు. అది ఉత్త పని కాదు, దేవతల కొలువు. చేసినన్నాళ్లు పాటించాల్సిన నియమాలు బోలెడు. ఆ రంగును ఒంటికి, బట్టకు, పూజకు వాడేవారు. పెళ్లికూతురికి నలుగు పెట్టే ఇంట్లో, గడపకు పసుపు రాసే ఇంట్లో పెరిగినవాళ్లకు ఇది కొత్తగా చెప్పాల్సిన సంగతి కాదు.

కొత్త సంగతి ఇంకోటి ఉంది. తెలుగులో పసుపు అంటే దుంప, పసుపు అంటే రంగు. హవాయిలోనూ దాదాపు అంతే. టికోపియా రెంగకు చెల్లెలైన హవాయి మాట లెన. దాని అర్థం పసుపు రంగు. అక్కడి పసుపు మొక్క పేరు ఓలెన. ఎవరి దగ్గర ఎవరూ నేర్చుకోలేదు. దుంపను విరిచి చూసిన కన్ను రెండు చోట్లా ఒకే పని చేసింది.

చామగడ్డ సంగతి కూడా ఇందులోనే చెప్పుకోవాలి. కోస్తాలో చేమదుంప, ఇక్కడ చామగడ్డ. సమోవాలో తాలో, హవాయిలో కాలో, ఫిజీలో దాలో. మన దగ్గర అది ఉల్లిగడ్డ, ఆలుగడ్డ, ఎల్లిగడ్డల వరుసలో ఒక కూర. వాళ్లకు అదే అన్నం.

చెరుకు ఇటొచ్చింది, మాట అటెళ్లింది

బోధన్ చెరుకు కథను అందరూ ఫ్యాక్టరీతో మొదలుపెడతారు. అసలు కథ అంతకు వేల ఏళ్ల ముందుది. చెరుకును మొట్టమొదట సాగులోకి తెచ్చింది న్యూగినీ దీవి మనుషులు. అక్కడి నుంచి అది పడవలెక్కి తూర్పున పసిఫిక్ దీవులకు, పడమట ఆసియాకు చేరింది. మలయాలో తెబు, ఫిజీలో దోవు, సమోవాలో తోలో, టోంగాలో తో, హవాయిలో కో. వినడానికి వేరువేరుగా ఉన్నా అన్నీ ఒకే మాట అరిగి అరిగి మిగిలిన ముక్కలు. మన చెరుకుకు ఆ మాటతో సంబంధం లేదు. గడ వచ్చింది గాని పేరు రాలేదు.

దానికి బదులుగా మనవాళ్లు ఇంకో మాట పంపారు. రసాన్ని కాచి పలుకులుగా చేయడం భారతదేశంలో మొదలైంది. ఆ పలుకులను చూసి సంస్కృతంలో శర్కర అన్నారు, గులకరాయి అని అర్థం. ప్రాకృతంలో అది సక్కర, తెలుగులో చక్కెర. పారశీకంలో షకర్, అరబ్బులో సుక్కర్, అక్కడి నుంచి ఐరోపా భాషలన్నింటికీ పాకి ఇంగ్లిషులో షుగర్. ఇంగ్లిషు ఓడలెక్కి పసిఫిక్‌కు వెళ్లి, సమోవాలో, టోంగాలో సుకా అయింది. చెరుకు పుట్టిన వైపు దీవులకు చక్కెర పేరు మన దగ్గర్నుంచి వెళ్లింది. హవాయివాళ్లు మాత్రం అరువు తెచ్చుకోలేదు. కోపఆ అన్నారు, అంటే ‘గట్టి చెరుకు’. సంస్కృతం గులకరాయిని చూసింది, హవాయి గట్టిదనాన్ని చూసింది. పంటి కింద ఇద్దరికీ తగిలింది ఒకటే.

శర్కర మాట మరో దారిన కూడా తిరిగొచ్చింది. ఏడో నిజాం కాలంలో, 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలసింది. ఆసియాలోకెల్లా పెద్దదని పేరు మోసిన ఆ ఫ్యాక్టరీ చుట్టూ ఏర్పడిన పేట పేరు శక్కర్‌నగర్. పారశీకానికి వెళ్లిన శర్కర, ఉర్దూ అంగీ తొడుక్కుని మంజీర ఒడ్డుకు చేరిందన్నమాట. అందుకే ఇక్కడి పాత తరం నోట పంచదార పలకదు. చాయ్‌లో శక్కరే పడాలి.

మొక్క సంగతి ఇంకా విచిత్రం. పద్దెనిమిదో శతాబ్దంలో ఐరోపా నావికులు తాహితీ నుంచి ఒక చెరుకు రకాన్ని తీసుకెళ్లి ప్రపంచమంతా నాటారు. తర్వాతి శతాబ్దంలో అది మారిషస్ మీదుగా భారతదేశానికీ వచ్చింది. లావుగా, తియ్యగా, రసం నిండుగా ఉండే ఆ దీవుల జాతికి మన ఎండలకు, తెగుళ్లకు తట్టుకునే మొండితనం లేదు. ఆ మొండితనం గోదారి, మంజీర ఇసుకలో ఎవరూ నాటకుండానే పెరిగే రెల్లులో ఉంది. బతుకమ్మ రోజుల్లో కందకుర్తి సంగమం దగ్గర తెల్లటి కుచ్చులతో ఊగేది చెరుకుకు అడవి చెల్లెలే. 1912లో కోయంబత్తూరులో చెరుకు పరిశోధన మొదలయ్యాక, సి.ఎ. బార్బర్, టి.ఎస్. వెంకట్రామన్ వెల్లై అనే చెరుకును రెల్లుతో సంకరం చేసి ‘కో 205’ను పుట్టించారు. మన రైతులు చెప్పుకునే ‘కో’ రకాలన్నింటికీ అది పెద్దక్క. ఇందులో కో అంటే కోయంబత్తూరు. హవాయిలో కో అంటే చెరుకే. ఇది ఉత్త కాకతాళీయం. అయినా రాయకుండా ఉండలేం.

తెలుగువాళ్లు కూడా చెరుకు వెంబడే దీవులకు వెళ్లారు. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా దక్షిణాది కూలీలు ఫిజీ చెరుకు తోటలకు చేరారు. నైజాం పల్లెలవాళ్లు కాదు, ఎక్కువగా కోస్తా జిల్లాలవాళ్లు. ‘అగ్రిమెంట్’ నోరు తిరగక గిర్మిట్ అయింది, అలా వెళ్లినవాళ్లు గిర్మిటియాలయ్యారు. తోటలో మేస్త్రీ భాష, పక్కవాడి భాష హిందీ. రెండు మూడు తరాల్లో తెలుగు గుడి పాటకు, పెళ్లి తంతుకు పరిమితమైంది. తెలుగు నిలవాలని 1941లో అక్కడ దక్షిణ ఇండియా ఆంధ్ర సంగం పెట్టుకున్నారు. వాళ్ల మనవల నోట చామగడ్డ దాలో అయి చాలా కాలమైంది.

ఒక బజారు, రెండు తెలుగులు

బోధన్ కూరగాయల బజారులో మాటల పోటీ ఇంకా నడుస్తోంది. నిజాంసాగర్ నీళ్లు పారాక కోస్తా డెల్టా రైతులు వచ్చి ఇక్కడ భూములు కొనుక్కున్నారు. వాళ్లు కట్టుకున్న ఊళ్లకు క్యాంపులని పేరు. క్యాంపు ఇల్లాలు గోంగూర అడుగుతుంది, అమ్మే అవ్వ పుంటికూర ఇస్తుంది. వెల్లుల్లి అడిగితే ఎల్లిగడ్డ, బంగాళాదుంప అడిగితే ఆలుగడ్డ, వేరుశనగ అడిగితే పల్లికాయ. ఆమె గేదె ఇక్కడ బర్రె. ఆమె దాళ్వా ఇక్కడ యాసంగి. ఎనభై, తొంభై ఏళ్ల కాపురంలో రెండు తెలుగులూ ఒకదాన్నొకటి అర్థం చేసుకున్నాయి, ఒకదానికొకటి పూర్తిగా లొంగలేదు. ఈ బజారులో ఉర్దూ ఎటూ ఉంది. నాందేడ్ జిల్లా పక్కనే కావడంతో మరాఠీ కూడా వినిపిస్తుంది. భూమి కాగితాల్లో తరి, ఖుష్కి, ఆబి, తాబి అని నిజాం కాలపు మాటలు కూర్చుని ఉన్నాయి. నోటిమాటలో మాత్రం నీరు పారేది మడి, వాన కోసం చూసేది చెల్క.

వాన కోసం చూసేవాళ్ల మాటలు ఇంకా పదునుగా ఉంటాయి. ఆకాశం మూసుకొస్తే మొగులైంది. వదలకుండా సన్నగా పడితే ముసురు పట్టింది. తెల్లారకముందు, చీకటి ఉండగానే లేస్తే ‘మబ్బుల లేసిండు’. మబ్బుకు చీకటి అని కూడా అర్థం ఉందని పట్నం పిల్లలకు విడమరచి చెప్పాలి. మావోరీలు, హవాయి జనం నెలలో ఒక్కో రాత్రికి ఒక్కో పేరు పెట్టుకుని, ఏ రాత్రి చేప పడుతుందో, ఏ రోజు దుంప నాటాలో ఆ పేరుతోనే చెప్పేవాళ్లు. చంద్రుడు కనిపించని రాత్రి మావోరీలకు విరో, పనులకు అచ్చిరాదు. మన రైతు ఏడాదిని ఇరవై ఏడు కార్తెలుగా కోసి పెట్టుకున్నాడు. ఒక్కోటి పదమూడు, పద్నాలుగు రోజులు. రోహిణిలో రోళ్లు పగులుతాయి. మిరుగు, అంటే మృగశిర నాడు చేప తినాలి. తొలి వానలకు తడి నేల మీద ఎర్రటి మఖమల్ ముక్కలా పాకే పురుగుకు కూడా కార్తె పేరే, ఆరుద్ర పురుగు. వాతావరణ శాఖ సందేశం ఫోన్‌లోకి వచ్చే ఈ రోజుల్లోనూ “మిరుగం కొట్టిందా?” అన్న ప్రశ్న ఆగలేదు.

పని ఆగినప్పుడు

చెరుకు తోటకు ఒక నిఘంటువే ఉండేది. నాటే ముక్క ముచ్చె. ముచ్చెకు కళ్లుంటాయి, మొలకెత్తేది ఆ కంటి నుంచే. హవాయిలో కన్నును మక అంటారు, మొగ్గకూ మొలకకూ అదే మాట. కంటి నుంచి మొలక, మొలక పక్కన పిలకలు, ఎదిగాక గడకు కణుపులు. గాలికి పడిపోకుండా పక్కపక్క గడలను వాటి ఆకులతోనే మెలేసి కట్టడం జడచుట్టు. ఆడపిల్ల జడ అల్లినట్టే ఉంటుంది కాబట్టి ఆ పేరు. కొత్తగా నాటింది మొక్క తోట, కొట్టిన మోడు మీద మళ్లీ వచ్చేది మొడెం, క్యాంపులవాళ్ల మాటలో కార్శి. గానుగలో రసం పోగా మిగిలింది పిప్పి, పెనం మీద పాకం ముదిరితే బెల్లం, ఫ్యాక్టరీలో చక్కెర పోగా మిగిలింది మడ్డి. ఫ్యాక్టరీ వచ్చాక కటింగ్ ఆర్డర్, కాటా, రికవరీ, క్రషింగ్ కూడా తెలుగు మాటలైపోయాయి. బడికి వెళ్లని రైతు కూడా రికవరీ శాతం గురించి గంటసేపు వాదించేవాడు.

2015 డిసెంబరులో ఫ్యాక్టరీకి లేఆఫ్ ప్రకటించారు. కాటా ముందు బండ్ల వరుస ఆగిపోయింది. చెరుకు మళ్లలోకి వరి వచ్చింది. ఇవాళ బోధన్‌లో ఇంటర్ చదివే కుర్రాడికి కటింగ్ ఆర్డర్ ఎలా ఉండేదో తెలియదు. జడచుట్టు అంటే బ్యూటీ పార్లర్ మాట అనుకున్నా తప్పు పట్టలేం. యాస పోతోందని బాధపడే సభలు చాలానే జరుగుతున్నాయి. కానీ ఈ మాటలు యాస మారి పోలేదు, సినిమా వల్ల పోలేదు, ఇంగ్లిషు మీడియం వల్ల కూడా పోలేదు. చేసే చేతులకు పని లేక పోయాయి. పుంటికూర తినేవాళ్లున్నారు కాబట్టి గోంగూర పక్కన పుంటికూర నిలబడింది. మొడెం తోట లేనప్పుడు మొడెం అనే మాటను ఏ భాషోద్యమం నిలబెడుతుంది?

టికోపియాలో కూడా ఇదే జరిగింది. 1950ల నడుమ దీవి మొత్తం క్రైస్తవంలోకి మారింది. దేవతల కొలువులు ఆగాయి, వాటితో పాటు నువాంగ తంతు కూడా ఆగింది. ఫిర్త్ మాత్రం తాను విన్న మాటలను పారేయలేదు. 1985లో, ఎనభై దాటిన వయసులో, టికోపియా నిఘంటువు అచ్చు వేశారు. అంత చిన్న దీవి భాషకు అంత పెద్ద పుస్తకం ఎందుకని అడిగినవాళ్లు అప్పుడూ ఉండే ఉంటారు.

తెలుగులో అలాంటి పని అంతకన్నా ముందే జరిగింది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం 1962లో వెలువడింది. అది వ్యవసాయం మీద. పండితుల పద్యాల్లోంచి కాకుండా, జిల్లాల వెంట తిరిగి రైతుల నోట విన్న మాటలతో కూర్చిన పుస్తకం. 1971లో చేనేత సంపుటం వచ్చింది. తర్వాత నలిమెల భాస్కర్ తెలంగాణ పదకోశాన్ని ఒంటిచేత్తో తయారుచేశారు. ఇవి చేసిన మేలు తక్కువేమీ కాదు. అయితే ఫ్యాక్టరీ చుట్టూ పుట్టి, ఫ్యాక్టరీతోనే ఆగిన మాటలను ప్రత్యేకంగా ఏరి పెట్టాల్సిన పని ఈ ప్రాంతం వాళ్లదే. ఇక్కడ కళాశాలలున్నాయి, తెలుగు శాఖలున్నాయి, విద్యార్థుల చేతుల్లో మాట రికార్డు చేసే ఫోన్లున్నాయి. శక్కర్‌నగర్‌లో పాకం కాచే పాన్‌హౌస్ దగ్గర, కాటా దగ్గర, పొలం గట్టున పనిచేసినవాళ్లు ఇప్పుడు అరవై, డెబ్బై దాటి ఉంటారు. మీ ఇంట్లో అలాంటి తాత గాని, పసుపు వండిన అవ్వ గాని ఉంటే ఈ ఆదివారం పక్కన కూర్చోండి. గానుగ భాగాల పేర్లు ఒక్కొక్కటిగా అడగండి. చెప్పింది చెప్పినట్టు, వాళ్ల పలుకుబడిలోనే రాసి పెట్టండి.